ఫోన్‌లో కనిపించే సిగ్నల్ అంకె కొలత అవుతుందా, కాదా?

పానగల్లు_నీడ (నల్లగొండ)

నేను నల్లగొండలో డిప్లమా ఎలక్ట్రానిక్స్ పిల్లలకు పాఠాలు చెప్తాను. ఒక విషయం మనసులో పెట్టుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఏడాది మా ఫైనల్ ఇయర్ పిల్లలు నలుగురు ఒక ప్రాజెక్టు ఎంచుకున్నారు. మన ఊళ్ల ఇండ్లల్లో వైఫై, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నళ్లు, అర్ర నుంచి అర్రకు ఎట్లా తగ్గుతాయో కొలవడం. వాళ్లలో ఒకమ్మాయి తాతగారి ఇల్లు దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఉంది. రెండడుగుల మందం రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి, పైన సున్నం, టేకు దర్వాజాలు. దాన్ని ఆనుకునే పదేళ్ల కింద కట్టిన స్లాబు ఇల్లు, ఇటుక గోడలు. రెండిండ్లల్లోనూ ఒకే రౌటర్ పెట్టి, ఒకే ఫోన్ పట్టుకుని, ఒక్కో ఇంట్లో ముప్పై చోట్ల, చోటుకు పది రీడింగులు రాసుకున్నారు. నోటుబుక్కు నిండిపోయింది.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ పుస్తకం తెరవకుండానే "ఫోన్‌లో కనిపించేది కొలత కాదు" అని పక్కన పెట్టారు. మార్కులు తగ్గాయి. ఆ పిల్ల ఏడ్చింది. మార్కుల సంగతి వదిలేద్దాం, అవి మారవు. నాకు తెలియాల్సింది ఒక్కటే: ఆయన మాట నిజమా? స్పెక్ట్రమ్ అనలైజర్, నెట్‌వర్క్ అనలైజర్ లాంటి ఖరీదైన రేడియో కొలత పరికరాలు లేకుండా ఇంటి లోపలి సిగ్నల్ గురించి ఏమీ చెప్పకూడదా? ఫోన్‌తో ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి. మొహమాటం వద్దు.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్ (మహబూబ్‌నగర్)

సార్, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆయన పుస్తకం తెరవకపోవడం తప్పు. అన్న మాట మాత్రం నిజానికి దగ్గరగానే ఉంది.

నేను తొమ్మిదేళ్లుగా డ్రైవ్ టెస్టులు, అంటే రోడ్ల మీద తిరుగుతూ మొబైల్ సిగ్నల్ కొలిచే పని, చేస్తున్నాను. కారులో స్కానర్ పెట్టుకుని జడ్చర్ల, నాగర్‌కర్నూల్, గద్వాల రోడ్లన్నీ తిరిగినవాణ్ని. ఆ తర్వాత బిల్డింగుల లోపల నడిచి కొలిచే పనిలో పడ్డాను. ఫోన్ సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది. అది సున్నా కింది అంకె, −57 కన్నా −68 బలహీనం. రెండు అంకెల తేడాను డెసిబెళ్లలో చెప్తాం. ఆ అంకెను కొలత పరికరంలో లాగా ఎవరూ సరిచూసి పెట్టలేదు. ఒకే టేబుల్ మీద రెండు కంపెనీల ఫోన్లు పెట్టండి, ఐదారు డెసిబెళ్ల తేడా మామూలుగా వస్తుంది. యాంటెనా ఫోన్ అంచుల్లో ఉంటుంది కాబట్టి చేయి అక్కడ పడితే ఒక అంకె, పడకపోతే ఇంకో అంకె. మనిషి రౌటర్‌కు వీపు పెట్టి నిలబడితే ఒంట్లోని నీళ్లే గోడ పని చేస్తాయి.

ఇంకా పెద్ద ఇబ్బంది మొబైల్ సిగ్నల్‌లో ఉంది. ఒకసారి మా ఊళ్లో ఒక పెద్ద భవనం కింది అంతస్తులో కొత్త కుర్రాడు ఫోన్‌తో కొలిచి, "బయటికీ లోపలికీ ఆరు డెసిబెళ్లే తేడా అన్నా, గోడలు పల్చగా ఉన్నట్టున్నాయి" అన్నాడు. స్కానర్ పెట్టి చూస్తే తేలింది. బయట ఫోన్ 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో, అంటే ఆ ఫ్రీక్వెన్సీల పట్టీలో ఉంది. లోపలికి రాగానే అది అందక 900లో ఉన్న ఇంకో సెల్‌ను, అంటే ఇంకో టవర్ సిగ్నల్‌ను పట్టుకుంది. కుర్రాడు రెండు వేర్వేరు టవర్ల అంకెలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి దానికి గోడ నష్టం అని పేరు పెట్టాడు. పైన 5జీ అని గుర్తు చూపిస్తూ కింద 4జీ సెల్ అంకెను చూపించే ఫోన్లు కూడా ఉన్నాయి. సెల్ నంబరు, బ్యాండు రాసుకోకుండా రాసిన డీబీఎం చిత్తు కాగితమే.

మీ పిల్లలది వైఫై కాబట్టి ఈ గొడవ కొంత తక్కువ. అయినా రౌటర్ రెండు బ్యాండులకూ ఒకే పేరు పెడితే ఫోన్ చెప్పకుండా 5 నుంచి 2.4కు దిగిపోతుంది. పేర్లు విడదీశారా?

మిర్యాలగూడ_కెమెరాలు

అన్నా, నేను ఒప్పుకోను.

నేను రైసు మిల్లుల్లో, గోడౌన్లలో సీసీ కెమెరాలు, వైఫై పెడతాను. నా దగ్గర ఉన్నది ఒక ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్. లక్షలు పోసి అనలైజర్ కొంటే ఆ డబ్బులు ఏ మిల్లు ఓనరు ఇస్తాడు? ఫోన్ అంకె కొలత కాదంటే మాలాంటి వాళ్లం ఇన్నేళ్లుగా చేస్తున్నది పనే కాదన్నట్టు అయితది.

అసలు తప్పు ఎక్కడ జరుగుతదో నేను పడ్డ దెబ్బ చెప్తా. ఒక మిల్లు గోడౌన్‌లో ఎండాకాలం, సరుకు లేనప్పుడు, కెమెరాలు పెట్టిన. వంద అడుగుల పొడవు, పైన రేకులు, ఖాళీ నేల. ఈ మూల నుంచి ఆ మూలకు సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. రేకు కప్పు, రేకు షట్టర్లు తరంగాన్ని బయటికి పోనీయకుండా లోపలే తిప్పుతాయి కదా. నాలుగు నెలలకు వడ్ల సీజన్ వచ్చింది. బస్తాలు కప్పు దాకా పేర్చిండ్రు. ఆ వారమే మూడు కెమెరాలు పడిపోయినయి. ఓనరు ఫోన్ల మీద ఫోన్లు, నాకు నిద్ర లేదు. కెమెరాలు మార్చిన, అడాప్టర్లు మార్చిన, ఏం తేడా రాలేదు. చివరికి బస్తాల వరుసకు ఈ పక్కన ఫోన్ పెట్టి చూసిన, ఆ పక్కకు పోయి చూసిన. అటు పక్క అంకె పాతాళంలో ఉన్నది.

పచ్చి వడ్లల్లో నీళ్లుంటయి. కొనేటప్పుడు తేమ 17 శాతం దాటొద్దని చూస్తరు. అంటే 17 దాకా ఉంటదని అర్థం. అట్లాంటి బస్తాలు పది వరుసలు పేర్చితే అది చెరువు కట్ట లెక్క. ఖాళీ గోడౌన్‌లో నేను కోటి రూపాయల మిషన్ పెట్టి కొలిచినా సీజన్‌లో ఆ లెక్క తప్పే. కాబట్టి మిషన్ కన్నా ఏ రోజు, ఏ స్థితిలో కొలిచినవన్నది పెద్ద ప్రశ్న. ఇప్పుడు నేను కెమెరా యాంటెనాలన్నీ బస్తాల మట్టానికి పైన, కప్పు కింద పెడుతున్న. అది నేర్పింది ఫోనే.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

తమ్మీ, నీ అనుభవం నాకు చాలా నచ్చింది. కానీ అది నా మాటకే బలం. కెమెరాలు పడింది వడ్ల తేమ వల్లనా, బస్తాలు అడ్డం నిలబడి దారి మూసేసినందుకా, సీజన్‌లో పక్క ఆఫీసులో కొత్త రౌటర్ పెట్టి అదే ఛానల్‌లో రొద పెంచినందుకా? మూడూ ఒకే వారం జరగొచ్చు. ఫోన్ నీకు ఒక్క అంకె ఇచ్చింది. ఆ అంకె వెనక కారణం ఏదో చెప్పలేదు. నువ్వు ఒక కారణం అనుకున్నావు, అదృష్టం కొద్దీ యాంటెనా పైకి ఎత్తితే పని జరిగింది.

మిర్యాలగూడ_కెమెరాలు

అదృష్టం కాదు అన్నా. రాత్రి ఆఫీసు రౌటర్లు అన్నీ బంద్ చేయించి మళ్లీ చూసిన. అంకె మారలేదు. బస్తాల వరుసలో ఒక సందు తీయించిన. మారింది. అడ్డం వల్లనే అని తేలింది. తేమ ఎంత, అడ్డం ఎంత అంటే అది మాత్రం చెప్పలేను, నిజమే.

తరంగాల_ప్రేమికుడు

ఇంత చర్చ ఎందుకు? ఎక్కువ ఫ్రీక్వెన్సీ అంటే గాలే మింగేస్తుంది, అందుకే 5 గిగాహెర్ట్జ్ తొందరగా ఆరిపోతుంది. ఫార్ములా ఉంది కదా, దూరం వేస్తే అంకె వస్తుంది. కొలవాల్సిన పనే లేదు.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

గాలి మింగదండీ. ఖాళీ జాగాలో మొదటి మీటరు దాటేసరికి 2.4 గిగాహెర్ట్జ్‌లో నష్టం సుమారు 40 డెసిబెళ్లు, 5లో సుమారు 46. ఆ ఆరు డెసిబెళ్ల తేడా గాలి వల్ల రాలేదు. తరంగదైర్ఘ్యం తగ్గితే దానికి తగ్గ యాంటెనా చిన్నదవుతుంది, చిన్న దోసిలితో పడితే తక్కువ నీళ్లు వస్తాయి, అంతే. గాలిలోని ఆక్సిజన్ బాగా మింగేది 60 గిగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ కూడా కిలోమీటరుకు 15 డెసిబెళ్లే. పది మీటర్ల ఇంట్లో అది లెక్కలోకే రాదు.

ఇంట్లో మింగేవి గోడలు, స్లాబులు, బీరువాలు, మనుషులు. వాటికి దూరం ఫార్ములా పనికిరాదు. అందుకే కొలవాలి అంటున్నాను. కొలతల పుస్తకాన్ని పక్కకు నెట్టమని నేను అనట్లేదు, సరిగ్గా కొలవమంటున్నాను.

రాతింటి_మనవరాలు (దేవరకొండ)

అందరికీ నమస్తే. ఆ పుస్తకం రాసినవాళ్లలో నేనొకదాన్ని. మా సార్ ఈ చర్చ పెట్టారని నిన్న తెలిసింది. రాత్రంతా చదివాను.

డ్రైవ్‌టెస్ట్ అన్నా, పేర్లు విడదీశాం. రెండు బ్యాండులకు రెండు పేర్లు పెట్టి, ఛానల్ కూడా ఆటోలో వదలకుండా ఒకటే కట్టేశాం. అది మా సార్ మొదటి రోజే చెప్పారు. చేయి తగలకుండా ఫోన్‌ను ముక్కాలిపీట మీద నిలబెట్టి, రీడింగ్ తీసేటప్పుడు మేం నాలుగడుగులు వెనక్కు జరిగేవాళ్లం.

మొదటి వారం మేం ఏం చేశామో నిజం చెప్తాను. పీటను ఒకచోట పెట్టి పది రీడింగులు తీసేవాళ్లం. పదీ ఒకటే వచ్చేవి. మేం సంబరపడ్డాం, ఎంత కచ్చితంగా వస్తున్నాయో అని. ఒకరోజు పీటను మా అమ్మమ్మ కాలితో కొంచెం జరిపింది. బెత్తెడు కూడా జరగలేదు. −57 ఉన్నది −68 అయింది. ఫోన్ పాడైందనుకున్నాం. వెనక్కు జరిపితే మళ్లీ −57. అప్పుడు సార్‌కు ఫోన్ చేస్తే, "అది ఫోన్ తప్పు కాదు, మీరు ఇవ్వాళ అసలు పాఠం మొదలుపెట్టారు" అన్నారు.

రౌటర్ నుంచి తిన్నగా వచ్చిన తరంగం, గోడకు కొట్టుకుని వచ్చినది, ఇనుప బీరువాకు కొట్టుకుని వచ్చినది ఒకే చోట కలుస్తాయి. కలిసి నడిస్తే బలం పెరుగుతుంది, ఎదురెదురు పడితే కొట్టుకుపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. అందులో సగం, ఆరు సెంటీమీటర్లు జరిగితే చాలు, గుట్ట మీద ఉన్నవాళ్లం గుంటలో పడతాం. 5లో మూడు సెంటీమీటర్లు కూడా అక్కర్లేదు.

అందుకని ఆ వారం పుస్తకమంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాం. ప్రతి చోటా మీటరు పొడవు చెక్క మీద ఫోన్‌ను కొంచెం కొంచెం జరుపుతూ పది చోట్ల తీసి సరాసరి వేశాం. ఆ కొట్టేసిన పేజీలు కూడా అట్లాగే ఉంచాం. ఎగ్జామినర్ గారు ఒక్క పేజీ తిప్పి ఉంటే అవి కనిపించేవి. నాకు అందుకే బాధ.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

తల్లీ, ఇది చదివాక నా మొదటి పోస్టులో గొంతు కొంచెం తగ్గించుకోవాల్సింది అనిపిస్తోంది. ఫోన్‌ను జరుపుతూ సరాసరి వేయడం ఈ పనికి ప్రాణం. లక్షల పరికరం చేతిలో ఉన్నా ఆ పని చేయనివాళ్లను నేను చూశాను.

రెండు ప్రశ్నలు. ఒకటి, మీటరు పొడవుకు పది చాలవు. 2.4లో మీటరంటే ఎనిమిది తరంగదైర్ఘ్యాలే. మొబైల్ కొలతల్లో విలియం లీ అనే ఇంజనీర్ చెప్పిన పద్ధతి ప్రకారం ఇరవై నుంచి నలభై తరంగదైర్ఘ్యాల దూరం నడిచి, ముప్పై ఆరుకు తగ్గకుండా రీడింగులు తీసుకోవాలి. అర్రలో అంత తిన్నని దూరం ఉండదు కాబట్టి రెండు మూడు గీతలు గీసుకుని నడవండి. రెండోది, ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్ల కంటే ఎక్కువ వైఫై స్కాన్ చేయలేదు. మీరు గబగబా పది రాస్తే అందులో ఆరు పాత అంకెలే మళ్లీ కనిపించి ఉండొచ్చు. చూసుకున్నారా?

రాతింటి_మనవరాలు

లేదన్నా. చూసుకోలేదు. డెవలపర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపే మీట ఉందని ఇప్పుడే కనుక్కున్నాను. కొన్ని రీడింగులు మళ్లీ తీయాలి.

పానగల్లు_నీడ

ఈ తప్పులో నాకూ భాగం ఉంది. ఆ పరిమితి సంగతి నేనే చెప్పి ఉండాల్సింది.

ఫోన్ ఎక్కడ ఆగాలో ఇప్పుడు రాస్తాను, ఎందుకంటే మా వాళ్ల రిపోర్టులో ఒక వాక్యం నన్ను కూడా ఇబ్బంది పెట్టింది. "రాతి ఇంట్లో ప్రతిధ్వనులు ఎక్కువ" అని రాశారు, అంటే గోడలకు కొట్టుకుని ఆలస్యంగా వచ్చే తరంగాలు. అది ఫోన్ చూపించలేని విషయం.

1987లో బెల్ ల్యాబ్స్‌లో సాలే, వాలెన్జువేలా అనే ఇద్దరు రెండంతస్తుల ఆఫీసు భవనంలో చేసిన కొలతలు ఈ రంగంలో అందరూ చదివేవి. 1.5 గిగాహెర్ట్జ్ మీద పది నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) చిన్న దెబ్బ లాంటి సంకేతాన్ని పంపి, అది ఎన్ని ముక్కలై ఎప్పుడెప్పుడు తిరిగి చేరుతుందో చూశారు. మోటబావిలోకి వంగి ఒక్క కేక వేస్తే అది ముందు ఎదురు గోడ నుంచి, తర్వాత నీళ్ల నుంచి, ఆ తర్వాత కలగాపులగంగా వస్తుంది చూడండి, అట్లాంటిదే. ముక్కలు ఒక్కొక్కటిగా కాకుండా గుంపులు గుంపులుగా వస్తాయని వాళ్లు చూపించారు. గదుల్లో ఆ ఆలస్యాల చెదురు, అంటే ముక్కలు ముందూ వెనకా రావడంలోని తేడా, మధ్యస్థంగా 25 నానోసెకన్లు, ఎక్కువలో ఎక్కువ 50. నానోసెకనుకు తరంగం ముప్పై సెంటీమీటర్లు పోతుంది కాబట్టి 25 అంటే ఏడున్నర మీటర్ల దారి తేడా. రౌటర్ కనిపించని చోట్ల దూరంతో పాటు నష్టం ఖాళీ జాగాలో లాగా రెండో ఘాతంలో కాకుండా మూడు, నాలుగు మధ్య ఘాతంలో పెరుగుతుందని కూడా వాళ్లకు తేలింది.

ఫోన్ ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒక్క అంకె చేసి ఇస్తుంది. ఏ ముక్క ఎప్పుడు వచ్చిందో దాని నుంచి విడదీయలేం. ఆ వాక్యం కొట్టేయమని చెప్పాను.

మా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గురించి మీకందరికీ తెలుసు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా నిలుస్తుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు, ఎందుకంటే లోపలికి వచ్చే వెలుతురు ఒక్క దిక్కు నుంచి తిన్నగా పడేది కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చేది. వెలుతురూ రేడియో తరంగమూ ఒకే జాతి. ఆ గుడి కట్టినవాళ్లకు లోపలికి ఏది ఏ దారిన వస్తుందో తెలుసు. మా పిల్లలు ఆ నీడ చూస్తూ పెరిగినవాళ్లు. ఈ ప్రశ్న వాళ్లకు రావడం నాకు గొప్పగా అనిపించింది, అందుకే ఇంత పట్టుదల.

గోడల_లెక్క (జడ్చర్ల)

నేను సివిల్ ఇంజనీర్‌ని. మీరంతా ఫోన్ గురించే కొట్లాడుతున్నారు, గోడ గురించి ఎవరూ అడగట్లేదు. పుస్తకంలో "రాతి గోడ, రెండడుగులు" అని రాస్తే నాకు ఏమీ తెలియదు.

అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల పీ.2109 సిఫారసు చూడండి. అది ఇండ్లను రెండే రకాలుగా చేస్తుంది: మామూలువి, వేడిని ఆపేలా కట్టినవి. 3.5 గిగాహెర్ట్జ్‌లో బయటి నుంచి లోపలికి వచ్చేసరికి మధ్యస్థ నష్టం మొదటి రకానికి సుమారు 15 డెసిబెళ్లు, రెండో రకానికి 29. 26 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే 20, 41. మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ వాళ్ల 38.901 పత్రంలో గోడకు ఒక సులువైన సూత్రం ఉంది. కాంక్రీటు అయితే గిగాహెర్ట్జ్‌ను నాలుగుతో హెచ్చించి ఐదు కలపాలి. 3.5కు 19 వస్తుంది, 26కు 109. మామూలు అద్దానికి 3.5లో మూడు కూడా రాదు. వేడిని తిప్పికొట్టే పూత అద్దానికి 24.

ఇందులో మందం ఎక్కడుంది? ఆ సూత్రంలో నాలుగంగుళాల కాంక్రీటుకూ పన్నెండు అంగుళాలకూ ఒకటే అంకె. ఇక మన రాతి గోడ ఎక్కడుంది? ఏ పట్టికలోనూ లేదు. రెండు వైపులా రాళ్లు పేర్చి నడుమ మట్టి, రాతి పెచ్చులు కూరిన గోడ అది. బాగా ఎండిన గట్టి రాయి దానంతట అది తరంగాన్ని అంతగా మింగదు. నడుమనున్న మట్టి తేమ పీల్చుకుంటే అది మింగుతుంది. అదే గోడ వైశాఖంలో ఒకటి, శ్రావణంలో ఒకటి. మిర్యాలగూడ తమ్ముడు వడ్ల గురించి చెప్పింది ఇక్కడ గోడకు వర్తిస్తుంది. అందుకే ఈ పిల్లల పుస్తకం నాకు ఏ ప్రమాణం పట్టిక కన్నా విలువైనది, గోడ గురించి సరిగ్గా రాస్తే.

కిటికీలు కూడా చెప్పాలి. మన దగ్గర ఎండకు తట్టుకోలేక కొత్త ఇండ్లలో అద్దాలకు మెరిసే ఫిల్మ్ అంటిస్తున్నారు. దోమలకు జాలీ కొడుతున్నారు. ప్లాస్టిక్ జాలీ అయితే ఏమీ కాదు. ఇనుప జాలీ అయితే కంటికి గాలి పోయే కిటికీ, తరంగానికి మూసిన రేకు. రంధ్రం మిల్లీమీటరు, తరంగం ఎనిమిది సెంటీమీటర్లకు పైన, ఎట్లా దూరుతుంది? సిగ్నల్ లేదని టవర్‌ను తిట్టే ఇండ్లలో జాలీ ఏదో ముందు చూడమని చెప్తాను.

స్లాబు ఇంట్లో ఏ కిటికీకి ఏ జాలీ ఉందో పుస్తకంలో ఉందా?

రాతింటి_మనవరాలు

లేదు మేడం. కిటికీలు ఎన్నో రాశాం, జాలీ ఏదో రాయలేదు.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

మేడం చెప్పింది నేను కాదనను. ఇప్పుడు నా మాట స్పష్టంగా చెప్తాను. "ఈ అర్రలో −71 డీబీఎం ఉంది" అని ఫోన్ చూసి రాస్తే నేను ఒప్పుకోను. "ఇదే ఫోన్, ఇదే రౌటర్, అదే గంటలో, ఈ చోటు కన్నా ఆ చోట 14 తక్కువ" అంటే ఒప్పుకుంటాను. మొబైల్ ప్రమాణాల్లో కూడా ఫోన్ అసలు అంకెకు ఇచ్చిన వెసులుబాటు కన్నా రెండు అంకెల తేడాకు ఇచ్చిన వెసులుబాటు తక్కువ. తేడాలో ఫోన్ సొంత తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అన్నీ పోవు. బలమైన సిగ్నల్ దగ్గర, మరీ బలహీనమైన దాని దగ్గర ఫోన్ అంకె వంకరపోతుంది. −90 కన్నా కిందికి పోతే నేనైతే నమ్మను.

ప్రతిధ్వనుల ఆలస్యం కావాలంటే లక్షలు అక్కర్లేదు. నానోవీఎన్ఏ అనే చిన్న నెట్‌వర్క్ అనలైజర్‌లో 3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే రకం ఉంది, కాలేజీ కొనగలిగినదే. ఫ్రీక్వెన్సీని ఒక గిగాహెర్ట్జ్ వెడల్పు మేర మారుస్తూ కొలిస్తే ఒక నానోసెకను, అంటే ముప్పై సెంటీమీటర్ల దారి తేడా విడివిడిగా కనిపిస్తుంది. దాని రెండు చివరలకూ కేబుళ్లు కట్టాలి కాబట్టి ఒక అర్ర లోపలికే, మహా అయితే పక్క అర్రకు. కంప్యూటర్‌కు గుచ్చే టీవీ డాంగుల్ రేడియోలు చవక అని ఎవరైనా చెప్తే కొనకండి, అవి 1.7 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి, 2.4 వాటికి వినపడదు.

ఇంకో జాగ్రత్త. వైఫై వాడే 2.4, 5 బ్యాండులు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. 5లో ఎక్కువ భాగానికి ఆ వీలు 2018లో వచ్చింది. 3300 మెగాహెర్ట్జ్ అట్లా కాదు, అది కంపెనీలు వేలంలో కొన్నది. అందులో మనం సొంతంగా ప్రసారం చేయకూడదు. పిల్లలకు ముందే చెప్పండి సార్.

మిర్యాలగూడ_కెమెరాలు

తేడా అయితే నమ్ముతా అన్నవు చూడు, అన్నా, నేను రోజూ చేసేది అదే. ఇటు ఒకటి, అటు ఒకటి. ఇన్నాళ్లు నేను చెప్పుకోలేకపోయిన మాట అది.

రాతింటి_మనవరాలు

మొన్న ఆదివారం మేం నలుగురం మళ్లీ ఊరికి వెళ్లాం. మీరంతా చెప్పినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాం. అక్కడ జరిగింది రాయాలి.

ముందు నేల మీద ముగ్గుపిండితో గీతలు గీశాం, పీట ఎక్కడెక్కడ పెట్టాలో. టిఫిన్ తిని వచ్చేసరికి అమ్మమ్మ ఇల్లంతా అలికేసింది. ఆమెను ఏమంటాం? ఈసారి గోడ వారగా చిన్న మేకులు కొట్టి దారం కట్టాం. స్కాన్ పరిమితి తీసేశాం. ప్రతి అర్రలో మూడు దారాలు, నలభై రీడింగులు.

నడింట్లో రౌటర్ పెట్టి వెనక అర్రలో 5 గిగాహెర్ట్జ్ చూశాం. సరాసరి −63 వచ్చింది. పాత పుస్తకంలో దీన్నే "గోడ నష్టం" లెక్కకు వాడాం. టేకు తలుపు మూసి చూశాం, ఒకటి రెండు మారింది, అంతే. అప్పుడు మా టీములో ఒకబ్బాయికి అనుమానం వచ్చింది. తలుపు మూస్తే ఇంత తక్కువే తేడా ఉందంటే, కట్టె తరంగాన్ని ఆపట్లేదు. మరి మనకు వచ్చే సిగ్నల్ అసలు గోడ లోంచి వస్తోందా, దర్వాజ లోంచా?

కొట్టంలో పాత రేకు ఒకటి ఉంది. నలుగురం మోసుకొచ్చి దర్వాజకు అడ్డం నిలబెట్టాం. −76.

మేం చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మూడు వారాలు మేం గోడను కొలిచామనుకున్నాం. కొలిచింది దర్వాజను. గోడ నష్టం మేం రాసిన దానికన్నా కనీసం 13 ఎక్కువ. ఎగ్జామినర్ గారు ఫోన్ గురించి అన్నారు కానీ ఫోన్ సరిగ్గానే చెప్పింది, దాన్ని మేం తప్పుగా అడిగాం. అనలైజర్ ఉన్నా మేం ఇదే తప్పు చేసి ఉండేవాళ్లం.

మేడం, గోడ సంగతి కూడా రాసుకున్నాం. నడుమ మట్టి, ఎర్రమట్టి. లోపలి వైపు సున్నం కింద చేయి పెడితే చల్లగా లేదు, పొడిగా ఉంది. కొత్తింట్లో రెండు కిటికీలకు ఇనుప జాలీ, ఒకదానికి ప్లాస్టిక్.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

శభాష్. ఆ రేకు నిలబెట్టడం నాకు తట్టలేదు.

"కనీసం" అని రాశావు, ఆ మాట ఎప్పటికీ తీసేయకు. రేకు కింద, పక్కల సందులు ఉండే ఉంటాయి. రేకు మీద నుంచి, వాసాల మధ్య నుంచి కూడా తరంగం దాటి ఉంటుంది. పెంకుటిల్లయితే పైన గోడకూ కప్పుకూ మధ్య ఖాళీ ఉంటుంది, అదొక పెద్ద దర్వాజ. కాబట్టి ఆ −76లో కూడా గోడ వాటా ఎంతో తెలియదు. పైన ఖాళీ ఉందా?

రాతింటి_మనవరాలు

ఉందన్నా. జానెడు. పావురాలు అక్కడి నుంచే వస్తాయి.

గోడల_లెక్క

అయితే తడి గోనెసంచులు కుక్కండి అక్కడ. వడ్ల తమ్ముడు చెప్పినట్టు నీళ్లే మంచి అడ్డం. సందులన్నీ మూశాక ఒకసారి, మృగశిర వానలు పడి గోడ తేమ పట్టాక ఇంకోసారి తీయండి. ఆ రెండు అంకెల తేడా నాకు కావాలి. మేకులు పీకకండి.

మిర్యాలగూడ_కెమెరాలు

గోనెసంచులు నేను తెస్తా. మా దగ్గర కొదవ లేదు. ఊరు పేరు సార్‌కు మెసేజ్ చేయమని చెప్పమ్మా.

పానగల్లు_నీడ

వానలు పడ్డాక రెండో ఆదివారం అనుకుందాం. డ్రైవ్‌టెస్ట్ తమ్ముడు వీలైతే స్కానర్ తెస్తే ఫోన్ పక్కన పెట్టి అదే దారం మీద రెండూ జరుపుదాం. ఎంత తేడా వస్తే అంత, ఇక్కడే రాస్తాం.

పాలమూరు_డ్రైవ్‌టెస్ట్

స్కానర్ కంపెనీది, తేలేను సార్. నా సొంత నానోవీఎన్ఏ తెస్తాను. కేబుళ్లు ఐదు మీటర్లవే, పీటలు దగ్గరగా పెట్టుకోవాలి. పావురాల ఖాళీ మూసే దాకా మాత్రం కొలత మొదలుపెట్టొద్దు.